తేదీ మారితే ఫలితం మారుతుంది: పరిశోధన దత్తాంశంలో తేదీల నమోదుపై ఒక అభిప్రాయం

వ్యవసాయ పరిశోధనలో తేదీ అనేది పుట పైభాగాన రాసుకునే గుర్తు మాత్రమే కాదు. అది కొలిచిన విలువ. విత్తిన తేదీ, 50 శాతం మొక్కలు పూతకు వచ్చిన తేదీ, ఎరువు వేసిన తేదీ, పురుగు తొలిసారి కనిపించిన తేదీ, కోత తేదీ అన్నవి నమోదైన తరువాతనే పంటకాలాన్ని, ఆ కాలంలో కురిసిన వర్షాన్ని, పంట గ్రహించిన ఉష్ణ ప్రమాణాలను లెక్కించగలుగుతున్నాము. విత్తే సమయంపై జరిపే ప్రయోగాలలోనైతే తేదీయే యత్నం. దిగుబడిని గ్రాములలో తూచి, రెండుసార్లు సరిచూసుకుని నమోదు చేసే మనము, తేదీని మాత్రం కంప్యూటరు ఎట్లా అర్థం చేసుకున్నదో చూడకుండానే విశ్లేషణకు పంపుతున్నాము. ఈ అలవాటు మన ఫలితాలను నిశ్శబ్దంగా చెడగొట్టగలదని, దీనిని వ్యక్తుల జాగ్రత్తకు వదలక సంస్థాగత నియమంగా సరిదిద్దుకోవాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక ప్రయోగంలో జరిగినది

కొన్నేళ్ళ క్రితం వర్షాధార వేరుశనగపై ఒక స్నాతకోత్తర విద్యార్థిని చేసిన ప్రయోగాన్ని దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. జూన్ 20, జూలై 5, జూలై 20, ఆగస్టు 4 అనే నాలుగు తేదీలలో విత్తి, ఒక్కొక్క దశలో పంటకు అందిన వర్షానికీ దిగుబడికీ గల సంబంధాన్ని పరిశీలించడం ఆ ప్రయోగం లక్ష్యం. క్షేత్ర పుస్తకంలో తేదీలు మన అలవాటు ప్రకారం ముందు రోజు, తరువాత నెల, చివర సంవత్సరంగా ఉన్నాయి. వాటిని ఎక్కించిన కంప్యూటరు మాత్రం అమెరికా ప్రాంతీయ అమరికతో ఉన్నది. ఆ అమరికలో ముందు నెల, తరువాత రోజు వస్తాయి.

20-06 అని టైపు చేసిన గడులను స్ప్రెడ్‌షీటు తేదీగా గుర్తించలేదు, ఎందుకంటే 20వ నెల లేదు. తీసివేత లెక్కలో ఆ గడుల వద్ద దోష సందేశం వచ్చింది. విద్యార్థిని ఆ గడులను మాత్రమే నెల ముందు పెట్టి మళ్ళీ టైపు చేసింది. లెక్కలు నడిచాయి. 05-07 అని టైపు చేసిన గడుల వద్ద ఏ సందేశమూ రాలేదు. జూలై 5ను స్ప్రెడ్‌షీటు మే 7గా గ్రహించి, తెరపై 5/7 అని చూపింది. మన కంటికి అది జూలై 5గానే కనిపించింది.

ఆ మడులలో 50 శాతం పూత ఆగస్టు 6న వచ్చింది. క్షేత్ర పుస్తకంలో 06-08. కంప్యూటరుకు అది జూన్ 8. జూలై 5 నుంచి ఆగస్టు 6 వరకు 32 రోజులు. మే 7 నుంచి జూన్ 8 వరకు కూడా 32 రోజులే. వేరుశనగ పూతకు 32 రోజులు పట్టడం సహజమే గనుక పట్టికను చూసినవారెవరికీ అనుమానం కలగలేదు. కోతకు పట్టిన రోజులను క్షేత్ర పుస్తకం నుంచి నేరుగా అంకెగా రాసుకున్నందున అక్కడా తేడా బయటపడలేదు.

అసలు నష్టం తరువాతి మెట్టులో జరిగింది. వాతావరణ దత్తాంశం వేరే ఫైలులో సరైన తేదీలతోనే ఉన్నది. రెండు ఫైళ్ళను కలిపినప్పుడు, రెండవ విత్తన తేదీకి జూలై, ఆగస్టు వర్షం బదులు మే, జూన్ నెలల వర్షం జతపడింది. 27వ ప్రామాణిక వాతావరణ వారంలో విత్తిన పంట లెక్కలో 19వ వారానికి వెళ్ళిపోయింది. విత్తినది మొదలు పూత వరకు పంటకు దాదాపు వర్షమే లేదని, అయినా దిగుబడి బాగున్నదని పట్టిక చెప్పింది. వేరుశనగలో పూతకు ముందు స్వల్ప బెట్ట ఏర్పడి, తరువాత తేమ అందితే దిగుబడికి మేలు జరుగుతుందన్నది పరిశోధనలలో ఇదివరకే తెలిసిన విషయం. తప్పుడు అంకె ఆ నిజానికి చక్కగా అతికింది. చర్చా భాగంలో ఒక పేరా కూడా సిద్ధమైంది.

ఆ పట్టికను చదివి వినిపించినప్పుడు, గొర్రు వెంట నడిచిన క్షేత్ర సహాయకుడు ఒక్క మాట అడిగాడు: “అమ్మా, మనం ఆరుద్ర పదునులో కదా విత్తింది? విత్తినాక వాన లేదంటారేమిటి?” కార్తెలతో కాలాన్ని లెక్కించే ఆ మనిషికి జూలై మొదటి వారం ఆరుద్ర కార్తె చివర. కంప్యూటరు లెక్క ప్రకారం విత్తింది భరణి కార్తెలో. ఆయన అడగకపోతే ఆ పేరా సిద్ధాంత గ్రంథంలోకి, అక్కడి నుంచి సిఫారసులలోకి చేరి ఉండేది.

స్ప్రెడ్‌షీటు దృష్టిలో తేదీ

ఈ పొరపాటుకు మూలం స్ప్రెడ్‌షీటు తేదీని దాచుకునే తీరులో ఉన్నది. ఎక్సెల్‌లో తేదీ నిజానికి ఒక వరుస సంఖ్య. 1900 జనవరి 1ని 1గా తీసుకుని, అక్కడి నుంచి ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క అంకె పెరుగుతుంది. 2023 జూలై 5 అంటే 45112. 2023 మే 7 అంటే 45053. తెరపై కనిపించే రోజు, నెల, సంవత్సరం ఆ సంఖ్యకు తొడిగిన రూపం మాత్రమే.

కాబట్టి తేదీ విషయంలో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. మొదటిది గ్రహించడం: టైపు చేసిన అక్షరాలను చూసి ఏ సంఖ్యగా మార్చాలో నిర్ణయించడం. రెండవది చూపడం: ఆ సంఖ్యను ఏ రూపంలో తెరపై పెట్టాలో నిర్ణయించడం. మన కార్యాలయాలలో తేదీ తప్పుగా కనిపించగానే గడి ఫార్మాట్ మార్చుతారు. అది రెండవ పనిని మాత్రమే మార్చుతుంది. 45053 అనే సంఖ్యకు రోజు, నెల, సంవత్సరం రూపం ఇస్తే 07-05-2023 అని వస్తుంది. మే 7 జూలై 5 కాదు. గ్రహించడంలో జరిగిన తప్పును చూపే పద్ధతి మార్చి సరిచేయలేము. ఈ ఒక్క తేడా అర్థమైతే తేదీల చిక్కులలో సగం విడిపోతాయి.

దీనికి మరో కోణం కూడా ఉన్నది. సరిగా గ్రహించిన తేదీ గల ఎక్సెల్ ఫైలును అమెరికా అమరిక గల కంప్యూటరులో తెరిస్తే సంఖ్య మారదు. రూపం మాత్రం 7/5/2023గా మారవచ్చు. దానిని చూసి ఎవరైనా చేతితో కాగితంపైకి ఎక్కిస్తే అక్కడ కొత్త తప్పు పుడుతుంది. అంటే తప్పు యంత్రం వద్ద ఎంత పుడుతుందో, మనిషి కంటి వద్ద కూడా అంతే పుడుతుంది.

132 రోజులు

సంవత్సరంలోని 365 రోజులను విడదీసి చూద్దాము. ప్రతి నెలలో 1 నుంచి 12 వరకు గల తేదీలు మొత్తం 144. వీటిలో జనవరి 1, ఫిబ్రవరి 2 వంటివి 12. వాటిలో రోజు, నెల స్థానాలు మారినా నష్టం లేదు. మిగిలిన 132 తేదీలు ఏ సందేశమూ ఇవ్వకుండా మరో తేదీగా మారిపోతాయి. 13 నుంచి నెలాఖరు వరకు గల 221 తేదీలు తేదీగా గ్రహింపబడక, అక్షర పాఠంగా మిగిలిపోతాయి.

అక్షర పాఠంగా మిగిలినవి మనల్ని హెచ్చరిస్తాయి. అవి గడిలో ఎడమవైపుకు చేరి ఉంటాయి. లెక్కలలో దోషం చూపుతాయి. వరుసక్రమంలో పెట్టినప్పుడు విడిగా చివరకు చేరుతాయి. మారిపోయిన 132 మాత్రం కుడివైపున సరైన తేదీల వలెనే ఉంటాయి. చాలామంది హెచ్చరించిన 221ని సరిచేసి, పని పూర్తయిందనుకుంటారు. పైన చెప్పిన విద్యార్థిని చేసినదీ అదే. నా అభిప్రాయంలో ఈ సగం మరమ్మతు, అసలు మరమ్మతు చేయకపోవడం కంటే ప్రమాదకరమైనది. హెచ్చరించే గడులను తొలగించి, హెచ్చరించని గడులను అది కాపాడుతుంది.

అమరిక ఎక్కడ ఉంటుంది?

“అందరి కంప్యూటర్లలో భారతదేశ అమరిక పెట్టుకుంటే సరిపోతుంది కదా” అని తరచు వినిపిస్తుంది. అది అవసరమే గాని సరిపోదు. ఎక్సెల్ సాధారణంగా విండోస్ ప్రాంతీయ అమరికను అనుసరిస్తుంది. అంటే నియమం కంప్యూటరులో ఉన్నది. గూగుల్ షీట్స్‌లో ప్రతి ఫైలుకు విడిగా ప్రాంతం అమరిక ఉంటుంది. అంటే నియమం ఫైలులో ఉన్నది. లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో భాషా అమరికల కింద ప్రాంతంతో పాటు, ఏయే రూపాలను తేదీగా అంగీకరించాలో కూడా నిర్ణయించవచ్చు. అంటే నియమం ఆ ప్రోగ్రాములో ఉన్నది. ఒక ప్రయోగానికి సంబంధించిన దత్తాంశం క్షేత్రంలో ఫోను నుంచి ఒక షీటులోకి, విభాగంలో మరో కంప్యూటరులోకి, సమన్వయ కేంద్రంలో మూడవదానిలోకి వెళుతుంది. ఈ మూడు చోట్ల అమరిక ఒక్కటిగా ఉంటుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

సీఎస్‌వీ ఫైళ్ళ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. స్వయంచాలక వాతావరణ కేంద్రాల నుంచి వచ్చే దత్తాంశం తరచు ఈ రూపంలోనే ఉంటుంది. సీఎస్‌వీలో తేదీ వరుస సంఖ్యగా ఉండదు; వట్టి అక్షరాలుగా ఉంటుంది. ఫైలుపై రెండుసార్లు నొక్కి తెరిచిన క్షణంలోనే ఆ కంప్యూటరు అమరిక ప్రకారం గ్రహింపు జరిగిపోతుంది. తిరిగి భద్రపరిచినప్పుడు తెరపై ఉన్న రూపమే ఫైలులోకి వెళుతుంది. మార్పులేమీ చేయలేదనుకున్నా, తెరిచి భద్రపరచడమే ఒక మార్పు కావచ్చు.

మరికొన్ని చిక్కులు

సంవత్సరాన్ని రెండంకెలతో రాసే అలవాటు ఇంకా పోలేదు. ఎక్సెల్ సాధారణ అమరికలో 00 నుంచి 29 వరకు గల అంకెలను 2000 నుంచి 2029గా, 30 నుంచి 99 వరకు గలవాటిని 1930 నుంచి 1999గా తీసుకుంటుంది. 2030 దూరంలో లేదు. 2029–30 రబీ ప్రయోగంలో శనగ విత్తిన తేదీ 2029లోను, కోసిన తేదీ 1930లోను పడే అవకాశం ఉన్నది. దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు నిర్వహించేవారు ఇప్పుడే నాలుగంకెల సంవత్సరానికి మారడం మంచిది.

పాత మెకింటోష్ కంప్యూటర్లలో తయారైన కొన్ని ఎక్సెల్ ఫైళ్ళు 1900కు బదులు 1904 నుంచి లెక్కిస్తాయి. అటువంటి ఫైలులోని తేదీలను సాధారణ ఫైలులోకి అతికిస్తే 1462 రోజుల తేడా, అంటే నాలుగు సంవత్సరాల ఒక రోజు తేడా, రావచ్చు. ఇక 1900కు ముందు తేదీలను ఎక్సెల్ తేదీలుగా గుర్తించదు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. పందొమ్మిదవ శతాబ్దపు వర్షపాత నమోదులతో పనిచేసేవారు సంవత్సరం, నెల, రోజులను మూడు వేర్వేరు నిలువు వరుసలలో ఉంచుకోవడమే మార్గం.

ప్రామాణిక వాతావరణ వారాలను లెక్కించేటప్పుడు స్ప్రెడ్‌షీటులోని వారపు సంఖ్య సూత్రాన్ని వాడరాదు. మన ప్రామాణిక వారం ఏటా జనవరి 1న మొదలవుతుంది. స్ప్రెడ్‌షీటు సూత్రం మామూలుగా ఆదివారంతో కొత్త వారాన్ని మొదలుపెడుతుంది. రెండు సంఖ్యలూ చాలా సంవత్సరాలలో కలియవు. ఇది ప్రాంతీయ అమరిక దోషం కాకపోయినా, యంత్రపు అలవాటును మన శాస్త్ర నియమంగా పొరబడడమనే జాతికి చెందినదే.

జన్యుశాస్త్రం నేర్పిన పాఠం

ఈ చిక్కు మనకు మాత్రమే పరిమితం కాదు. మానవ జన్యువులలో కొన్నింటికి మార్చ్1, సెప్ట్2 వంటి సంక్షిప్త నామాలు ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1గా, సెప్టెంబరు 2గా మార్చివేసేది. ఈ దోషాన్ని 2004లోనే ఒక పరిశోధన పత్రం ఎత్తిచూపింది. 2016లో వెలువడిన మరో అధ్యయనం, జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్ళుగా జతచేసిన పత్రాలలో సుమారు ఐదింట ఒక వంతులో ఇటువంటి తప్పులు ఉన్నట్లు తేల్చింది. అంటే పన్నెండేళ్ళ హెచ్చరిక తరువాత కూడా జాగ్రత్త అలవాటుగా మారలేదు. చివరకు 2020లో మానవ జన్యు నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చింది. అటువంటి స్వయంచాలక మార్పులను నిలిపివేసే వీలును మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌లో 2023లో కల్పించింది.

ఇందులో ప్రజననకారులకు నేరుగా సంబంధించిన పాఠం ఉన్నది. సంతతి వరుసలకు 12-3, 5-7 వంటి సంఖ్యలు ఇవ్వడం మనకు పరిపాటి. పునరావృత్తి, మడి సంఖ్యలను 2-5 అని కలిపి రాయడమూ ఉన్నది. వీటిని మామూలు గడిలో టైపు చేయగానే తేదీలుగా మారతాయి. మారిన తరువాత ఫార్మాట్‌ను సంఖ్యగా మార్చితే 45000కు పైబడిన ఒక వరుస సంఖ్య కనిపిస్తుందే గాని, అసలు పేరు తిరిగి రాదు. ఎన్నో తరాలు శ్రమించి ఎంపిక చేసిన ఒక వరుస గుర్తింపు ఆ విధంగా పోవచ్చు. టైపు చేయడానికి ముందే ఆ నిలువు వరుసను పాఠ రూపంగా నిర్ణయించడం, లేదా సంఖ్యకు ముందు పంట పేరులోని అక్షరాన్ని చేర్చడం దీనికి విరుగుడు.

జన్యుశాస్త్రవేత్తలు చేసిన పనిని కొందరు వింతగా చూశారు. నాకు అది వివేకంగా తోచింది. సాఫ్ట్‌వేరు ఎప్పుడు మారుతుందా అని ఎదురుచూడక, తప్పుకు తావులేని రాతను వారు ఎంచుకున్నారు. తేదీల విషయంలో మనము చేయవలసినది కూడా అదే.

దోషాన్ని గుర్తించి సరిచేయు విధానం

ఇప్పటికే మన వద్ద ఉన్న ఫైళ్ళను ఈ క్రింది వరుసలో పరిశీలించవచ్చు.

1. మొదట అసలు ఫైలుకు నకలు తీసి, నకలుపైనే పనిచేయాలి. అసలు ఫైలును ముట్టరాదు.

2. తేదీల నిలువు వరుసకు కేటాయించిన ఎడమ, కుడి అమరికను తొలగించి చూడాలి. ఎడమవైపుకు జరిగినవి పాఠాలు. కుడివైపున ఉన్నవి సంఖ్యలు. పెద్ద ఫైళ్ళలో గడిలో ఉన్నది సంఖ్యా కాదా అని తెలిపే ‘ఈజ్‌నంబర్’ సూత్రాన్ని పక్క వరుసలో వాడాలి.

3. సంఖ్యలుగా ఉన్నవాటి నుంచి రోజును, నెలను విడివిడిగా రెండు వరుసలలోకి తీయాలి. ఎన్నో తేదీలు గల ఫైలులో రోజు విలువ ఎక్కడా 12 దాటకపోతే, రోజు, నెల తారుమారైనట్లు దాదాపు నిశ్చయించవచ్చు. తారుమారైన తేదీలో రోజు స్థానంలో ఉన్నది నిజానికి నెల గనుక అది 12 దాటదు.

4. కనిష్ఠ, గరిష్ఠ తేదీలను చూడాలి. ఖరీఫ్ ప్రయోగంలో విత్తిన తేదీ జనవరిలోనో, ఏప్రిల్‌లోనో కనిపిస్తే వేరే సాక్ష్యం అక్కరలేదు. విత్తడం, పూత, కోత తేదీలు ఆ క్రమంలోనే ఉన్నాయో లేదో చూడాలి. రోజుల తేడా సరిపోయినంత మాత్రాన తేదీలు సరియైనవని భావించరాదు. 32 రోజుల ఉదాహరణ పైన చూశాము.

5. సరిచేయడానికి ఉత్తమ మార్గం మూల పాఠ ఫైలుకు తిరిగి వెళ్ళడం. దానిని నేరుగా తెరవక, ‘డేటా’ పట్టీ ద్వారా దిగుమతి చేసుకుని, తేదీ వరుసకు రోజు, నెల, సంవత్సరం అనే క్రమాన్ని మనమే చెప్పాలి. పాఠంగా మిగిలిన గడులకు ‘టెక్స్ట్ టు కాలమ్స్’ ద్వారా ఇదే క్రమాన్ని చెప్పవచ్చు.

6. మూల ఫైలు లేనప్పుడు, సంఖ్యగా మారిన గడులలో ‘డేట్’ సూత్రానికి సంవత్సరం ఇచ్చి, నెల స్థానంలో రోజును, రోజు స్థానంలో నెలను ఇచ్చి తిరిగి తారుమారు చేయవచ్చు. అయితే ఆ వరుస మొత్తం ఒకే అమరిక కింద నమోదైనదని తెలిసినప్పుడే ఇది చెల్లుతుంది. సంఖ్యలలో కొన్నింటికి రోజు 12 దాటి, కొన్నింటికి దాటకుండా ఉంటే, సరైనవీ తారుమారైనవీ కలిసి ఉండే అవకాశం ఉన్నది. అప్పుడు సూత్రం వర్తింపజేస్తే సరైన తేదీలు కూడా చెడిపోతాయి. క్షేత్ర పుస్తకం ఒక్కటే శరణ్యం.

7. సరిచేసిన తరువాత కనీసం పది అడ్డు వరుసలను, అందులోనూ రోజు 12 లోపు ఉన్నవాటిని, క్షేత్ర పుస్తకంతో పోల్చి, చేసిన మార్పును తేదీతో సహా రాసి ఉంచాలి.

ఒకే అర్థం గల రాత

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1988లోనే తేదీల రాతకు ఐఎస్‌ఓ 8601 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. భారతీయ ప్రమాణాలలోనూ ఐఎస్ 7900 ఇదే విషయానికి సంబంధించినది. దీని ప్రకారం ముందు నాలుగంకెల సంవత్సరం, తరువాత రెండంకెల నెల, చివర రెండంకెల రోజు వస్తాయి. 2023-07-05 అంటే జూలై 5 తప్ప మరొకటి కాదు. సంవత్సరం, రోజు, నెల అనే క్రమాన్ని వాడే అలవాటు ఏ ప్రధాన ప్రాంతీయ అమరికలోనూ లేనందున యంత్రానికి సందేహం రాదు. పాఠంగా మిగిలినా అక్షర క్రమంలో పెడితే కాలక్రమం వస్తుంది. స్ప్రెడ్‌షీట్లలో దత్తాంశాన్ని అమర్చే పద్ధతిపై కార్ల్ బ్రోమన్, కారా వూ 2018లో ప్రచురించిన వ్యాసం కూడా ఈ రూపాన్నే సూచించింది.

అభ్యంతరాలు

దీనికి రావలసిన మొదటి అభ్యంతరం అలవాటు గురించినది. రోజు, నెల, సంవత్సరం అన్నది మన భాషకు సహజమైన క్రమం. క్షేత్ర సహాయకులను ఒక్కసారిగా తలకిందుల క్రమంలో రాయమంటే కొత్త తప్పులు రావా? వస్తాయి. అందుకే క్షేత్ర పుస్తకంలో మన క్రమమే ఉండనివ్వాలని, అయితే నెలను అంకెతో గాక పేరుతో రాయాలని నా సూచన. 5 జూలై 2023 అని రాసినదానిని ఏ దేశంలోనివారూ మే 7గా చదవరు. సంవత్సరం, నెల, రోజు రూపంలోకి మార్చడం కంప్యూటరులోకి ఎక్కించేవారి బాధ్యత. నిజానికి కార్తె పేరు చెప్పే రైతు పద్ధతిలోనూ ఈ గుణమే ఉన్నది. ఆరుద్రకు, భరణికి మధ్య స్థానాలు తారుమారు కావు.

రెండవ అభ్యంతరం: స్ప్రెడ్‌షీట్లను వదిలి ‘ఆర్’ వంటి గణాంక భాషలకు మారితే ఈ గొడవే ఉండదు కదా? ఆ భాషలో తేదీ క్రమాన్ని మనమే స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది గనుక కొంత మేలు నిజమే. అయితే స్ప్రెడ్‌షీటులో ఇదివరకే తారుమారైన తేదీని ఆ భాష కూడా సరైనదిగానే తీసుకుంటుంది. వాగులో కలిసిన బురదను చెరువు వద్ద వేరుచేయలేము.

మూడవది: ఇంత చిన్న విషయానికి నియమాలు అవసరమా? ఒక పరిశోధకుని పొరపాటు ఆయన పట్టిక వరకే పరిమితమైతే అవసరం లేదనవచ్చు. కాని నేటి దత్తాంశం ఒకచోట ఆగదు. అనేక కేంద్రాల ఫలితాలను కలిపి విశ్లేషించే పద్ధతి పెరుగుతున్నది. పంట నమూనాలకు, తెగుళ్ళ ముందస్తు హెచ్చరికలకు ఇదే దత్తాంశం ఆధారమవుతున్నది. కలిసిపోయిన వేల వరుసలలో మారిన తేదీని గుర్తుపట్టి, “ఆరుద్రలో కదా విత్తింది” అని అడిగే మనిషి అక్కడ ఉండడు.

మనము చేయవలసినది

నేను కోరుతున్నవి నాలుగే. ఒకటి, క్షేత్ర పుస్తకాలలో నెలను పేరుతో, సంవత్సరాన్ని నాలుగంకెలతో రాయడం తప్పనిసరి చేయాలి. రెండు, విభాగాలు ప్రయోగ దత్తాంశం కోసం ఇచ్చే నమూనా షీట్లలో తేదీ వరుసను ముందే సంవత్సరం, నెల, రోజు రూపంలో అమర్చి, ప్రయోగ కాలానికి వెలుపలి తేదీలను అంగీకరించని విధంగా హద్దులు పెట్టాలి. ఈ వీలు అన్ని ప్రధాన స్ప్రెడ్‌షీట్లలోను ఉన్నది. వర్షపాతం ఉదయం 8.30 గంటలకు కొలిచినది గనుక అది ఏ రోజు లెక్కలోకి వస్తుందో కూడా అదే షీటులో రాయాలి. మూడు, స్నాతకోత్తర విద్యార్థుల గణాంక శాస్త్ర అభ్యాసాలలో ఒక తరగతిని తారుమారైన తేదీలను కనుగొని సరిచేయడానికి కేటాయించాలి. నాలుగు, సిద్ధాంత గ్రంథాల పరీక్షకులు, పరిశోధన పత్రికల సంపాదకులు తేదీల ఆధారంగా లెక్కించిన ప్రతి పట్టికకు మూల తేదీలను చూపమని అడగాలి.

వీటిలో దేనికీ నిధులు అవసరం లేదు. కొత్త సాఫ్ట్‌వేరు కొనవలసిన పనిలేదు. ప్రతి ప్రయోగానికి అరగంట అదనపు శ్రమ చాలును.

విత్తే సమయంపై మనమిచ్చే సిఫారసు చివరకు ఒక తేదీ రూపంలోనే రైతుకు చేరుతుంది. ఆ తేదీని నమ్మి ఆయన విత్తనాన్ని, ఎరువును, అప్పుగా తెచ్చిన పెట్టుబడిని నేలలో పెడతాడు. వర్షాధార సాగులో పదును ఒక్కసారే దొరుకుతుంది. తప్పిన తేదీని ఆయన ఒక గడిలో తిరిగి టైపు చేసి సరిదిద్దుకోలేడు. ఆ సరిదిద్దుబాటు మన బల్లపైనే, మన షీటులోనే జరగాలి.